కలుషితమైన పార్కును బాగు చేయించడం ఎలా: మట్టి పరీక్ష నుంచి నిధుల దాకా

మూడేళ్ల కిందట మా కాలనీ పార్కులో వేపమొక్క నాటడానికి తోటమాలి గుంత తీస్తున్నాడు. పైన అడుగున్నర దాకా ఎర్రమట్టి. ఆ కింద పారకు నల్లటి జిగురు అంటుకుని వచ్చింది. ఆయన పిడికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. తారు వాసన, దాని వెనకాలే గొంతులో గుచ్చుకునే మరో వాసన. గుంతకు పది అడుగుల దూరంలో ఉయ్యాల ఉంది. పిల్లల కాళ్లు రాసుకుని రాసుకుని దాని కింద నేల చిన్న పళ్లెంలా గుంటపడింది. ఆ పళ్లెంలోనూ నల్లచారలు కనిపించాయి.

పురపాలక సంఘానికి సంగతి చెప్పగానే వచ్చిన మొదటి సమాధానం: "రెండు లారీల ఎర్రమట్టి తోలిస్తాం, కొత్త ఉయ్యాలలు పెడతాం." పార్కు సుందరీకరణ పేరుతో ఫైలు కూడా కదిలింది. దాన్ని ఆపించడానికే మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ తంటాలో తెలిసివచ్చిన విషయం ఒకటుంది. ఫైలు మీద "సుందరీకరణ" అని ఉంటే వార్డు నిధులకు మించి పైసా రాదు. "కలుషిత స్థలం" అని ఉంటే చట్టం వర్తిస్తుంది, అధికారులకు గడువులు మొదలవుతాయి, విషం పోసినవారి జేబు దాకా దారి పడుతుంది. కింద చెప్పే మెట్లన్నీ ఆ మాటను ఫైలు మీదికి ఎక్కించడానికీ, ఎక్కించాక డబ్బు రాబట్టడానికీ.

1. ముందు పైమట్టి పోయకుండా ఆపండి

కొత్త మట్టి కప్పితే సాక్ష్యం కప్పబడిపోతుంది. పైగా రేపు తవ్వి తీయాల్సిన మట్టి పరిమాణం పెరుగుతుంది. ప్రమాదకర వ్యర్థాలను తరలించే ఖర్చు టన్నుల లెక్కన ఉంటుంది కాబట్టి, ఇవాళ పోసిన శుభ్రమైన మట్టి కూడా కింది విషంతో కలిసి ఆ బిల్లులో చేరుతుంది.

అనుమానం ఉన్న మేర తాడు కట్టించి బోర్డు పెట్టించండి. పార్కులో బోరుంటే ఆ నీటిని తాగడానికీ, చల్లడానికీ వాడటం ఆపించండి. తోటమాలిని చేతి తొడుగులు లేకుండా అక్కడ పని చేయనివ్వకండి. అందరికంటే ఎక్కువగా ఆ మట్టిని ముట్టుకునేది ఆయనే. కమిషనర్‌కు ఒక పేజీ ఉత్తరం రాసి ఇన్‌వార్డు నంబరు, తేదీ ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర ఉన్న కాగితం మీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తర్వాత హరిత ట్రైబ్యునల్ (పర్యావరణ కేసులు వినే న్యాయస్థానం) దాకా వెళ్లాల్సివస్తే "మాకు ఎప్పుడూ చెప్పలేదు" అనే మాటకు అదే జవాబు.

2. స్థలం ఎవరిది, అంతకుముందు అక్కడ ఏముండేది

లేఅవుట్ పార్కు అయితే దాన్ని పురపాలక సంఘానికి అప్పగించిన గిఫ్ట్ డీడ్ ఉంటుంది. ఆ డీడ్ తేదీ ముఖ్యం. కాలుష్యం అంతకుముందుదా, ఆ తర్వాతదా అన్నదాన్ని బట్టి బాధ్యుడు మారతాడు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ స్థలంపై జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, పాత పహాణీ లేదా అడంగల్ చూడండి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒక్కొక్కటే వెనక్కి జరపండి. ఎక్కడ షెడ్డు ఉండేది, ఎక్కడ నాలా మళ్లింది, ఏ ఏడు గుంత పూడింది అన్నవి చాలావరకు అక్కడే దొరుకుతాయి. వాటికి తోడు ఆ ప్రాంతంలో పాతికేళ్లుగా ఉంటున్నవారితో మాట్లాడండి. ఏ ఫ్యాక్టరీ డ్రమ్ములు రాత్రిపూట ఎక్కడ దిగేవో ఉపగ్రహానికి తెలియదు, వాళ్లకు తెలుసు.

దగ్గర్లో పరిశ్రమ ఉన్నా, ఒకప్పుడు ఉండి మూతపడినా సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. నాలుగు విషయాలు అడగండి: ఆ యూనిట్‌కు ఇచ్చిన అనుమతుల నకళ్లు, అది ఏటా దాఖలు చేసిన ప్రమాదకర వ్యర్థాల వివరాలు, దానిపై వచ్చిన ఫిర్యాదులు, తనిఖీ నివేదికలు.

ఈ దశలో ఒక గండం పొంచి ఉంటుంది. "ఎలాగూ పార్కుగా పనికిరాదు, ఇక్కడ షాపింగ్ కాంప్లెక్సు కడదాం" అని ఎవరో ఒకరు అంటారు. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడాన్ని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. మీ వినతిపత్రంలో ఆ తీర్పును ప్రస్తావించండి.

3. మట్టి నమూనా తీయడం

చాలా ఫిర్యాదులు ఇక్కడే చెడిపోతాయి. ఎవరో ఒక క్యారీ బ్యాగులో మట్టి నింపి ల్యాబుకు ఇస్తారు. నివేదిక వస్తుంది. "ఈ మట్టి ఎక్కడిదో మాకెలా తెలుసు" అని అవతలివారు ఒక్క ముక్కతో తోసిపుచ్చుతారు.

పార్కును కాగితం మీద గళ్లుగా విడదీయండి. ఉయ్యాలల చోటు, కూర్చునే చోటు, నాలా పక్క, మొక్కలు ఎండిపోయిన చోటు తప్పకుండా గళ్లలోకి రావాలి. ప్రతి గడిలో పై 15 సెంటీమీటర్ల మట్టి వేరుగా, అరమీటరు లోతున మట్టి వేరుగా, మీటరు లోతున మట్టి వేరుగా తీయాలి. పైపొర పిల్లలకు అంటేది, లోతు పొర భూగర్భజలానికి చేరేది. రెండింటికీ జవాబులు వేరు. పార్కుకు బయట, ఏ కాలుష్యమూ సోకని చోట ఒక నమూనా తప్పక తీయండి. మన నేలల్లో కొన్ని లోహాలు సహజంగానే ఉంటాయి. ఆ పోలిక లేకపోతే "ఇక్కడి మట్టే అంత" అని తేల్చేస్తారు.

జింకు పూత వేసిన పార వాడకండి, ఫలితంలో జింకు దొంగలెక్క చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె మంచిది. లోహాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బాలు, నూనెలు, ద్రావకాల వంటి వాటికి గాజు సీసాలు. వాసన వచ్చే మట్టిని ఇతర చోట్ల మట్టితో కలపవద్దు, కలిపేలోపే ఆవిరయ్యే రసాయనాలు ఎగిరిపోతాయి. సీసా నిండా కూరి మూత బిగించి ఐసు పెట్టెలో పెట్టాలి. ప్రతి సీసాపై చోటు, లోతు, తేదీ, సమయం, తీసినవారి సంతకం ఉండాలి. వీలైతే వార్డు అధికారి సమక్షంలో పంచనామా రాయించి, ఫొటోలు తీయండి. పరీక్షను ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల ప్రమాణాలను చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులోనే చేయించండి. ఏమేం చూడాలో కూడా రాసి ఇవ్వండి: సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం, మొత్తం క్రోమియం, విడిగా హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం), పెట్రోలియం హైడ్రోకార్బన్లు, పీఏహెచ్‌లు (తారు, మసి వంటి వాటిలో ఉండే విష రసాయనాలు), పురుగుమందుల అవశేషాలు. తోటల మట్టికి చేసే నత్రజని, భాస్వరం పరీక్ష చేసి పంపేస్తే మీ డబ్బు వృథా.

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిలోనూ, పటాన్‌చెరు మట్టిలోనూ విష లోహాలు అధికంగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు గతంలోనే పరిశోధన పత్రాలు ప్రచురించారు. మీ పార్కు అలాంటి వాడకు దగ్గరైతే ఆ పత్రాలను జతచేయండి, కొత్తగా నిరూపించాల్సిన భారం కొంత తగ్గుతుంది.

4. 2025 నిబంధనల కింద ఫిర్యాదు

2025 జూలైలో కేంద్ర పర్యావరణ శాఖ పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. అప్పటికి దేశంలో గుర్తించిన కలుషిత స్థలాలు 103, వాటిలో శుద్ధి పని మొదలైనవి 7 మాత్రమే. స్థలాన్ని ఎవరు గుర్తించాలి, ఎవరు తేల్చాలి, ఎవరు చెల్లించాలి అనేదానికి అంతవరకు ఒక వరుస లేకపోవడమే ఇంత జాప్యానికి పెద్ద కారణం.

ఇప్పుడు ఆ వరుస ఇలా ఉంది. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా తయారు చేయాలి. మీ ఫిర్యాదు, ల్యాబు నివేదిక కలెక్టర్‌కు చేరాల్సింది అందుకే. నకలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికీ, పురపాలక కమిషనర్‌కూ పంపండి. అనుమానిత స్థలంగా నమోదైన 90 రోజుల్లో మండలి లేదా దాని తరఫున నిపుణ సంస్థ ప్రాథమిక అంచనా వేయాలి. తర్వాత మూడు నెలల్లో వివరమైన సర్వే చేసి, స్థలం కలుషితమా కాదా తేల్చాలి. ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లోని 189 రసాయనాల స్థాయిలను బట్టి ఈ తీర్పు ఉంటుంది. కలుషితమని తేలితే ఆ చోటును బహిరంగంగా ప్రకటించాలి, జనం అటు వెళ్లకుండా ఆంక్షలు పెట్టాలి. శుద్ధి ప్రణాళికను నిపుణ సంస్థ రూపొందిస్తుంది. బాధ్యులెవరో మండలి 90 రోజుల్లో తేల్చాలి.

ఈ గడువులన్నీ మీ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి. గడువు దాటిన మర్నాడే గుర్తుచేసే ఉత్తరం వెళ్లాలి. ఎందుకంటే ఇన్ని గడువులు పెట్టిన నిబంధనలు శుద్ధి పని ఎప్పటికి పూర్తికావాలో మాత్రం చెప్పలేదు. నా దృష్టిలో అది పెద్ద లోపం. ఆ తేదీని మనమే ప్రణాళికలో రాయించుకోవాలి.

ఇంకొక చిక్కు. రేడియోధార్మిక వ్యర్థాలు, గనుల తవ్వకం, సముద్రంలో చమురు, డంపింగ్ యార్డుల చెత్త వల్ల వచ్చిన కాలుష్యానికి వేరే చట్టాలున్నాయి కనుక వాటిని ఈ నిబంధనల నుంచి మినహాయించారు. మీ పార్కు పాత చెత్తకుప్ప మీద వేసినదైతే "ఇది మాకు రాదు" అంటారు. చెత్తలో పారిశ్రామిక రసాయనాలు కలిసి, వాటి మోతాదు పరిమితి దాటితే స్థలం మళ్లీ ఈ నిబంధనల్లోకే వస్తుంది. ఆ వాదనను నిలబెట్టేది మూడో మెట్టులోని ల్యాబు నివేదికే.

5. డబ్బు ఎక్కడినుంచి

మొదటి జేబు కాలుష్యకారిదే. 1996లో రాజస్థాన్‌లోని బిఛ్డీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. రంగుల తయారీలో వాడే హెచ్-యాసిడ్ అనే రసాయనాన్ని తయారుచేసిన కంపెనీలు వదిలిన బురద వల్ల బావులన్నీ పాడైపోయాయి. శుద్ధి కోసం 37.385 కోట్ల రూపాయలు కట్టాలని తేలింది. కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేసి ఏళ్లు గడిపితే, 2011లో కోర్టు 12 శాతం చక్రవడ్డీ జోడించింది. సూత్రం గెలిచినా బావులు మాత్రం అన్నేళ్లూ అలాగే ఉన్నాయి. అందుకని ప్రభుత్వం ముందుగా ఖర్చుపెట్టి, తర్వాత కాలుష్యకారి నుంచి వసూలు చేసేలా ఉత్తర్వు కోరండి. పిల్లలు ఆ తీర్పు కోసం ఎదురుచూస్తూ పెద్దవాళ్లయిపోకూడదు.

కాలుష్య నియంత్రణ మండళ్లు నేరుగా పర్యావరణ నష్టపరిహారం విధించవచ్చని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నీటి, గాలి కాలుష్య చట్టాల కింద మండలికి ఆ అధికారం ఉంది. మీ ప్రాంతంలోని పరిశ్రమల మీద ఇప్పటికే విధించిన పరిహారం ఎంత, వసూలైంది ఎంత, ఖర్చుపెట్టింది ఎక్కడ అని సమాచార హక్కు కింద అడగండి. వసూలై ఖర్చుకాని మొత్తం ఉంటే మీ పార్కు పేరుతో ప్రతిపాదన పెట్టండి.

బాధ్యులు దొరకకపోయినా, దివాలా తీసినా ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మీద పడుతుంది. ఇందుకు భోపాలే ఉదాహరణ. యూనియన్ కార్బైడ్ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలను 2025 జనవరిలో పీథంపూర్ తరలించి కాల్చడానికి కేంద్రం 126 కోట్ల రూపాయలు ఇచ్చింది. దుర్ఘటన జరిగిన నలభై ఏళ్లకు, అదీ ప్రజల పన్నుల డబ్బుతో.

పార్కు పాత చెత్త మీద ఉంటే స్వచ్ఛ భారత్ మిషన్ పట్టణ విభాగం రెండో దశ ఉంది. 2021 అక్టోబరులో మొదలైన ఈ పథకంలో పాత చెత్త తొలగింపు ఒక పద్దు. కేంద్రం వాటా పది లక్షల జనాభా దాటిన నగరాలకు 25 శాతం, లక్ష నుంచి పది లక్షల మధ్య పట్టణాలకు 33 శాతం, లక్షలోపు వాటికి 50 శాతం. చిన్న పట్టణాలవారు ఈ తేడాను గట్టిగా వాడుకోవాలి. మీరు దరఖాస్తు చేసే సమయానికి పథకం ఏ దశలో ఉందో కమిషనర్ కార్యాలయంలో ముందు నిర్ధారించుకోండి.

విదేశీ రుణం కూడా మన ప్రాంతానికి కొత్త కాదు. 2010లో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట, కడప డంపింగ్ యార్డు ఎంపికయ్యాయి. పశ్చిమ బెంగాల్ నుంచి ఎంపికైన కోల్‌కతాలోని ధాపా చెత్తగుట్టలో పాత భాగాన్ని కప్పి, పైన పచ్చిక పెంచారు. ఒక్క పార్కు కోసం ఇలాంటి రుణం రాదు. జిల్లాలో నాలుగైదు స్థలాలను కలిపి ఒక ప్రతిపాదనగా పెడితే ప్రభుత్వం పరిశీలిస్తుంది.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు అడగవచ్చు, కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో పర్యావరణ పరిరక్షణ ఉంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. చట్టప్రకారం తాను చేయాల్సిన పనిని ఏ కంపెనీ సీఎస్ఆర్‌గా చూపకూడదు. మీ పార్కును పాడుచేసిన కంపెనీయే రేపు బెంచీలు, ఫౌంటెన్ ఇచ్చి ఫొటో దిగుతానంటే ఒప్పుకోకండి. అది దానం ముసుగులో బాకీ ఎగవేత.

హరిత నిధుల విషయంలోనూ చూపు మసకబారకూడదు. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నగర వన యోజన కింద హెక్టారుకు 4 లక్షల రూపాయలు వస్తాయి. ఇవి మొక్కలకు వచ్చే డబ్బు, మట్టి శుద్ధికి చాలవు. విషపు నేల మీద వేల రూపాయల మొక్కలు నాటి, ఆరు నెలలకు ఎండిపోయిన కర్రలు పీకేయడం నేను కళ్లారా చూశాను. శుద్ధి అయ్యాక ఆ నిధుల కోసం వెళ్లండి.

విధానాల గురించి మాట్లాడేవారి కోసం ఒక పరాయి ఉదాహరణ. అమెరికాలో సియాటిల్ నగరపు గ్యాస్ వర్క్స్ పార్కు 1906 నుంచి 1956 దాకా బొగ్గు గ్యాసు కర్మాగారం. 1975లో పార్కుగా తెరిచారు. మట్టిలో పీఏహెచ్‌లు బయటపడటంతో 1984లో కొంతకాలం మూసేశారు. వాషింగ్టన్ రాష్ట్ర ప్రజలు 1988లో ఓటువేసి తెచ్చుకున్న చట్టం ప్రమాదకర పదార్థాల మీద పన్ను వేసి, ఆ సొమ్ముతో స్థానిక సంస్థలకు శుద్ధి గ్రాంట్లు ఇస్తోంది. విషపదార్థాలతో వ్యాపారం చేసేవారే శుద్ధి నిధిని నింపుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇలాంటి ప్రత్యేక నిధి రావాలి. శాసనసభ్యులకు ఇచ్చే వినతిపత్రంలో ఇది రాయండి.

6. అంచనా పత్రంలో ఏముండాలి

ఇంజనీరింగ్ విభాగం వేసే అంచనాలో తవ్వకం, తరలింపు, కొత్త మట్టి మాత్రమే ఉంటే తిప్పి పంపించండి. వివరమైన సర్వే, భూగర్భజల పరిశీలన బావులు, కార్మికుల రక్షణ సామగ్రి, దుమ్ము అణచడానికి నీరు, శుద్ధి తర్వాత స్వతంత్ర ల్యాబుతో తిరిగి పరీక్ష, ఆ తర్వాత ఏళ్లపాటు పర్యవేక్షణ, ఇవన్నీ అందులో ఉండాలి. కౌన్సిలు తీర్మానంలో "కలుషిత స్థల శుద్ధి" అన్న మాటలూ, ఏ పద్దు కింద ఖర్చో, కాలుష్యకారి నుంచి వసూలు చేసే హక్కు నిలుపుకుంటున్నట్టూ స్పష్టంగా రాయించండి. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఆ తీర్మానం వెంటే నడుస్తాయి.

7. ఎంత శుభ్రం చేస్తే చాలు

ఖర్చును ఎక్కువగా నిర్ణయించేది ఈ ప్రశ్నే. కొడైకెనాల్‌లో 2001లో మూతపడిన థర్మామీటర్ల కర్మాగారం స్థలంలో పాదరసాన్ని కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల దాకా తగ్గిస్తే చాలని ఆమోదించారు. అది సరిపోదని పర్యావరణవాదులు ఏళ్ల తరబడి పోరాడారు. మీ పార్కు ప్రణాళికలో లక్ష్య స్థాయి ఏ వాడకానికి పెట్టారో చూడండి. పారిశ్రామిక స్థలానికి పెట్టే అంకె పార్కుకు పనికిరాదు. నాలుగేళ్ల పిల్ల మట్టిలో ఆడి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుందన్న లెక్కతో అంకె ఉండాలి.

8. కదలకపోతే ట్రైబ్యునల్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనం వింటుంది. పరిహారం కోరని దరఖాస్తుకు రుసుము 1,000 రూపాయలు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువులు జాగ్రత్త: చట్టంలోని 14వ సెక్షన్ కింద వివాదానికి కారణం తలెత్తిన ఆరు నెలల్లో వెళ్లాలి. 15వ సెక్షన్ కింద పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ కోరడానికి అయిదేళ్లు ఉంది. రెండింటికీ తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. పార్కు శుద్ధి కోరేవారు 15వ సెక్షన్‌ను మరచిపోకూడదు.

9. పని నడిచేటప్పుడు, తర్వాత

తవ్విన మట్టి ఎక్కడికి పోతోందో ప్రతి లారీకీ చూడాలి. ప్రమాదకర వ్యర్థాలైతే లారీ వెంట ఫారం 10 మ్యానిఫెస్టు (వ్యర్థం ఎక్కడినుంచి ఎక్కడికి పోతోందో రాసే రవాణా పత్రం) ఉండాలి. చేరాల్సింది దుండిగల్, పరవాడ వంటి చోట్ల ఉన్న అధీకృత శుద్ధి కేంద్రానికే. మ్యానిఫెస్టు నకళ్లు కాలనీ సంఘం ఫైలులో చేరకపోతే ఆ మట్టి ఊరి చివర మరో చెరువులో తేలే ప్రమాదం ఉంది.

మట్టిని తీయకుండా కప్పి ఉంచే పద్ధతి ఎంచుకుంటే ప్లాస్టిక్ పొర ఎక్కడ ఎంత లోతున ఉందో మ్యాపు గీయించి, నకలు తోటమాలికి ఇవ్వండి. అయిదేళ్ల తర్వాత ఎవరో లైటు స్తంభం కోసం గుంత తీసి పొరను చింపేయడం సర్వసాధారణం. మా పార్కులో పరిశీలన బావులు రెండున్నాయి. వాటి మూతల తాళంచెవి ఒకటి మండలి ఇంజనీరు దగ్గర, ఇంకొకటి కాలనీ సంఘం బీరువాలో ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి నీరు తీసి పరీక్షకు పంపుతారు. ఫలితాల కాగితాన్ని గేటు దగ్గరి బోర్డుకు అంటిస్తాం. పిల్లల్ని తీసుకొచ్చే తల్లులు అక్కడ ఆగి, సీసం అన్న వరుస మీద వేలు పెట్టి చదువుకుని లోపలికి వస్తారు.